స్టార్ట్ బటన్ లేని రిమోట్

మేనల్లుడు హెడ్‌సెట్ నా తలకు తగిలించి, వెనక పట్టీ బిగించి, "అత్తా, చేతులు మరీ దూరం చాపకు, పక్కన బీరువా ఉంది" అన్నాడు. అంతే. హైదరాబాద్ నిజాంపేటలో అన్నయ్యవాళ్ల ఫ్లాటు, కిటికీలోంచి వచ్చే ఆటోల మోత, వంటింట్లో కుక్కర్ కూత అన్నీ వెనక్కి జరిగిపోయాయి. కళ్లముందు ఓ గది. ఎదురుగా టీవీ. గోడకు అంటుకుపోయే ఇప్పటి పలక కాదు, వెనక మూరెడు డొక్క ఉన్న పాత టీవీ. నా చేతుల్లో ఆట రిమోట్. తల ఎటు తిప్పితే అటు గది కనిపిస్తోంది. నేను తొమ్మిదేళ్ల పిల్లవాణ్ణి, పేరు డేవిడ్. సంవత్సరం 1995.

ఆట మొదలై ఎంతోసేపు కాలేదు, అమ్మ గొంతు వినపడింది. ఇంగ్లీషు అమ్మ. అయినా నా వీపు నిటారైపోయింది. 'ఇక చాలు, కట్టెయ్' అనే ఆ స్వరం ఏ భాషలో ఉన్నా పిల్లల ఒంటికి ముందు తెలుస్తుంది, చెవులకు తర్వాత తెలుస్తుంది.

1995లో నాకు పదేళ్లు. తెనాలిలో ఉండేవాళ్లం. కానీ మా ఇంట్లో డేవిడ్‌ని నేను కాదు. మా అన్నయ్య. నాకంటే మూడేళ్లు పెద్ద. బడి వదలగానే సంచి గుమ్మంలో పడేసి బోసురోడ్డు పక్క సందులో ఉన్న వీడియో గేమ్ షాపుకి పరిగెత్తేవాడు. దీపాలు పెట్టే వేళకి అమ్మ వాకిట్లోకి వచ్చి, "పోయి వాణ్ణి పిలుచుకురావే" అనేది. అలా అమ్మ కేక నా కాళ్ల మీద నడిచి ఆ సందులోకి వెళ్లేది. ఆడపిల్లలెవరూ ఎక్కని ఆ షాపు గుమ్మం దాకా వెళ్లడానికి నాకున్న అనుమతి ఆ కేక ఒక్కటే.

నేను ఆడిన ఆట పేరు పిక్సెల్ రిప్డ్ 1995. బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో ఆర్వోరే అనే స్టూడియో తయారుచేసి 2020 ఏప్రిల్‌లో విడుదల చేసింది. మన దగ్గర లాక్‌డౌన్ పెట్టి నెల తిరగని రోజులవి. ప్రపంచంలో పిల్లలంతా ఇళ్లలో బందీలై ఉన్నప్పుడు, అమ్మ కళ్లు గప్పి ఆడుకునే పిల్లవాడి ఆట ఒకటి వచ్చిందన్నమాట. ఇందులో ఆట లోపల ఆట ఉంటుంది. మనం డేవిడ్‌గా ఆ గదిలో కూర్చుంటాం. డేవిడ్ చేతిలోని రిమోట్‌తో, ఎదుటి టీవీలో డాట్ అనే వీర వనితను పరిగెత్తిస్తాం. సైబ్లిన్ లార్డ్ అనే దుష్టుడు టీవీ గోడ దాటి డేవిడ్ ప్రపంచంలోకి రావాలని చూస్తుంటాడు. డాట్‌ని గెలిపించాలి, అమ్మకు దొరక్కూడదు. ఒక కన్ను టీవీ మీద, ఒక చెవి వంటింటి మీద. ఈ రెండు పనులూ ఒకేసారి చేయించడంలోనే ఆ ఆట ప్రాణం ఉంది.

పాత ఆటల్ని మళ్లీ తెచ్చి అమ్మేవాళ్లు చాలామంది ఉన్నారు. చుక్కల బొమ్మలు, పీపీమని మోగే సంగీతం, అన్నీ అలాగే దింపి ఇస్తారు. ఆడి చూస్తే ఓ పది నిమిషాలు బాగుంటుంది. ఆ తర్వాత ఏదో లోటు. పిక్సెల్ రిప్డ్ చేసినవాళ్లకు ఆ లోటేమిటో తెలుసు. మనకు గుర్తున్నది తెరమీది ఆట కాదు, తెరకు ఇవతలి గది. ఆడుతుంటే వెనక ఎవరున్నారు, ఎవరు తిడుతున్నారు, ఎవరు వస్తున్నారని భయపడ్డాం, చేతిలో ఇంకెన్ని రూపాయలున్నాయి, అదీ జ్ఞాపకం.

ఇవతలి గది అంటే నాకు ఆ షాపే. రోడ్డు మీద మంగలి షాపులో పెద్దవాళ్లు ఎన్టీఆర్‌ని దించేసిన సంగతి, చంద్రబాబు ముఖ్యమంత్రి అయిన సంగతి తెగని వాదన చేసుకుంటున్న రోజులు. దాని పక్క సందులో, ముందు సగం దించిన షట్టర్, లోపల చీకటి. చీకటి కావాలని చేసిందే. అద్దాల మీద వెలుతురు పడితే బొమ్మ కనపడదు. ప్లైవుడ్ చెక్కతో కొట్టించి, సన్‌మైకా అంటించిన నిలువెత్తు డబ్బాలు నాలుగు. లోపల మామూలు పిక్చర్ ట్యూబు, దాని వెనక ఒక ఆట బోర్డు. ఆట పాతబడితే షాపు నడిపే అన్న డబ్బా మార్చేవాడు కాదు, బోర్డు మార్చేవాడు. అందుకే డబ్బా మీద అతికించిన బొమ్మ ఒకటైతే, లోపల నడిచే ఆట మరొకటి. ఎర్ర గుండు ఉన్న స్టిక్కు, అరిగి గుంటపడిన బటన్లు. ఒక్కో కాయిన్‌కి రూపాయి. చెమట, అగరొత్తి, వేడెక్కిన సన్‌మైకా కలిసిన వాసన. ఇప్పుడు ఎక్కడైనా పాత టీవీ చాలాసేపు వేడెక్కితే ఆ వాసనలో నాలుగో వంతు వస్తుంది.

అన్నింట్లోకీ పెద్ద గుంపు ఉండే డబ్బా ముస్తఫాది. ఆ ఆట అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అని నాకు తెలిసింది ఎన్నో ఏళ్ల తర్వాత. జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తెచ్చింది. మార్క్ షుల్జ్ అనే అమెరికన్ చిత్రకారుడి బొమ్మల కథలు దానికి మూలం. అవేవీ మాకు అక్కర్లేదు. అందులో నలుగురు ఆటగాళ్లు ఉంటారు, వాళ్లలో టోపీ పెట్టుకుని ఎగిరి తన్నే వాడి పేరు ముస్తఫా, కాబట్టి ఆట పేరు ముస్తఫా. తెనాలిలోనే కాదు, దేశమంతా పిల్లలు ఒకరితో ఒకరు చెప్పుకోకుండానే ఆ ఆటకు ఆ పేరే పెట్టుకున్నారు. 1996లో 'ప్రేమదేశం' సినిమా పాటల్లోనూ అదే పేరు మోగేసరికి ఆ డబ్బా దగ్గర పాట పాడకుండా కాయిన్ వేసినవాడు లేడు.

ఆ నలుగురిలో ఒకమ్మాయి ఉంది. హన్నా. చురుకైన మనిషి. ఆమెను ఎవరూ తీసుకునేవాళ్లు కాదు. డబ్బా ముందు ముగ్గురు నిలబడితే, మిగతా ఇద్దరూ ముందే ఎంచుకుంటే, ఆలస్యంగా కాయిన్ వేసినవాడు మొహం ముడుచుకుని హన్నాని తీసుకునేవాడు. అలా తీసుకున్నప్పుడు నేను గుమ్మంలోంచి ఇంకాస్త ముందుకు వంగేదాన్ని. వాడు ఆమెను సరిగా ఆడేవాడు కాదు. ఆమె చురుకును వాడుకోవాలి, వాడు ఊరికే దగ్గరకెళ్లి తన్నేవాడు. ఆ సంగతి అరిచి చెప్పాలనిపించేది. చెప్పలేదు. అది నా షాపు కాదు, నేను అన్నయ్యని పిలవడానికి వచ్చినదాన్ని.

అమ్మ పంపిన పని వెంటనే చేసేదాన్ని కాదు. ఇంటి నుంచి షాపుకి ఐదు నిమిషాలు. పరిగెత్తితే రెండే. ఆ మిగిలిన మూడూ, వెళ్లేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు మూడు, ఆరు నిమిషాలు నావి. గుమ్మం మెట్టు మీద నిలబడి చూసేదాన్ని. అన్నయ్య ఆఖరి లైఫ్‌లో ఉంటే ఇంకో రెండు నిమిషాలు అప్పు తీసుకునేదాన్ని. ఆట పోయాక మాత్రమే, "అమ్మ పిలుస్తోంది" అనేదాన్ని. నేను అలా ఆగుతానని వాడికి తెలుసు. ఎప్పుడూ ఆ మాట మేం పైకి అనుకోలేదు.

షాపులో ఆడేవాళ్ల కంటే చూసేవాళ్లే ఎక్కువ అన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెప్పి ఒప్పించడం కష్టం. నాలుగు డబ్బాలకు ఏడెనిమిది మంది ఆడుతుంటే, ఇరవై మంది వెనక నిలబడి ఉండేవాళ్లు. వాళ్ల దగ్గర రూపాయి లేదు. లేదా ఉన్న రూపాయి అయిపోయింది. కానీ వాళ్లు ఊరికే లేరు. ఏ పీపా పగలగొడితే లోపల తిండి ఉంటుందో, ఏ బాసు ఎటు దూకుతాడో, ఎక్కడ తుపాకీ దాచుకోవాలో వాళ్లకు తెలుసు. "వాడు లేస్తాడు, వెనక్కి రా, వెనక్కి రా!" అని అరిచేవాళ్లు. ఒక రూపాయి ఆట పదిమంది నోళ్లతో నడిచేది. ఆడేవాడు బాగా ఆడితే వాళ్లంతా గెలిచినట్టే. చెడగొడితే వాణ్ణి పక్కకు తోసి, "ఒక్క లైఫ్ నాకివ్వరా, ఈ బాసుని కొట్టి ఇస్తా" అని స్టిక్కు లాక్కునేవాళ్లు. కొట్టి ఇచ్చేవాళ్లు కూడా. కాయిన్ లేకుండా స్టిక్కు పట్టుకునే హక్కు, చూసి చూసి సంపాదించుకున్న హక్కు అది.

నేను ఆ చూసేవాళ్లలో ఒకదాన్ని. అందరికంటే వెనక, మెట్టు మీద. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. ఆ రోజుల గురించి రాసినవాళ్లంతా ఆడినవాళ్లే. కాయిన్ వేసినవాళ్లే. చూసినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

హెడ్‌సెట్ మీద మొదటిరోజు తర్వాత పట్టుబట్టి ఆ వరసలో మిగతా రెండు ఆటలూ ఆడాను. వీటిలో మొదటిది పిక్సెల్ రిప్డ్ 1989. 2018లో వచ్చింది. ఈ వరస మొత్తానికీ మూలపురుషుడు అనే మాట ఇక్కడ చెల్లదు, మూలం ఒక స్త్రీ. ఆనా రిబేరో. బ్రెజిల్ అమ్మాయి. ఇంగ్లండ్‌లో నేషనల్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ స్కూల్లో గేమ్ డిజైన్ చదువుతూ, హెడ్‌సెట్లు ఇంకా ప్రయోగదశలో ఉండగానే, చదువు ప్రాజెక్టుగా మొదలుపెట్టింది. అందులో మనం నికోలా అనే బడిపిల్లం. క్లాసులో బెంచీ దగ్గర కూర్చుని చేతిలో ఇమిడే ఆట బొమ్మతో ఆడుతుంటాం. ఎదురుగా టీచరమ్మ. ఆవిడ ఇటు తిరిగితే దాచెయ్యాలి. కాగితం ఉండలు గొట్టంలోంచి ఊది ఆవిడ దృష్టి మళ్లించాలి. చూస్తుండగానే ఆట ఆ బుల్లి తెరలోంచి పొంగి క్లాసులోకి వచ్చేస్తుంది. బల్లల మీద, పుస్తకాల మీద డాట్ గెంతుతుంటుంది.

ఆ ఆట మొదలైనప్పుడు తల దించి నా చేతుల వైపు చూసుకున్నాను. ఆడపిల్ల చేతులు. వాటిలో ఆట. కాసేపు ఆడకుండా అలాగే చూస్తూ కూర్చున్నాను. మేనల్లుడు బయటి నుంచి, "అత్తా, హ్యాంగ్ అయిందా?" అన్నాడు. లేదన్నాను.

1989 అంటే నింటెండో కంపెనీ గేమ్‌బాయ్‌ని జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఏడు. నికోలా చేతిలోది దానికి మారుపేరు. అది మన బళ్లలోకి ఎప్పుడూ రాలేదు. మనకు వచ్చినవి, తర్వాత ఐదారేళ్లకు, ఇటుకలు పేర్చే బ్రిక్ గేమ్‌లు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నెలలు నడిచేవి. బూడిద రంగు తెర మీద నల్ల చదరాలు. మా క్లాసులో ఒకమ్మాయి దగ్గర ఉండేది. చరిత్ర పీరియడ్‌లో ఒడిలో పెట్టుకుని, శబ్దం ఆపేసి, వంతులవారీగా ఆడేవాళ్లం. టీచర్ నడిచే చెప్పుల చప్పుడు మాకు గడియారం. అందుకే ఆటగా మూడింటిలో 1989 అన్నిటికంటే చిన్నదైనా, ఆలోచన అందులోనే పదునుగా ఉందంటాను. ఒక గది, ఒక భయం, ఒక ఆట. అంతకంటే మరేమీ అడగదు.

1995 దగ్గరికొచ్చేసరికి చేయి తిరిగింది. గది ఒకటి కాదు. ఇల్లుంది, కాయిన్ ఆటల ఆర్కేడ్ ఉంది. తెరమీది ఆటలు కూడా మారుతుంటాయి. పక్కకు పరిగెత్తేవి, పైనుంచి చూసేవి, వీధి కొట్లాటలు. ఒక్కొక్క రకం ఆట ఒక్కొక్క కాలాన్ని తలపిస్తుంది. తెర కూడా అంతే శ్రద్ధగా చేశారు. పాత టీవీలో బొమ్మ అంచులు కాస్త కరిగినట్టుండి, రంగులు పక్క రంగుల్లోకి అద్దుకున్నట్టుంటాయి. ఆనాటి చిత్రకారులు ఆ కరుగుదలను లెక్కలో పెట్టుకునే చుక్కలు పెట్టారు. అదే బొమ్మను ఇప్పటి పలక టీవీ మీద పెడితే ఇటుక గోడలా కనిపిస్తుంది. హెడ్‌సెట్‌లోని ఆ గదిలో, ఆ డొక్కు టీవీ మీద, బొమ్మ మళ్లీ బొమ్మలా ఉంది.

ఆ టీవీ చూస్తే నాకు దసరా సెలవులు గుర్తొచ్చాయి. దసరాకి షాపు అన్న టీవీ గేమ్‌లు అద్దెకిచ్చేవాడు. రోజుకి ముప్ఫై రూపాయలు, పైన వంద అడ్వాన్సు. నింటెండో వాళ్లు 1983లో జపాన్‌లో తెచ్చిన ఫామికామ్‌కి నకళ్లు అవి. మీడియా అనో, ఇంకేదో అనో పేరుండేది. అన్నయ్య సైకిల్ వెనక కట్టుకుని తెచ్చేవాడు. యాంటెన్నా వైరు పీకి దీని వైరు పెట్టి, చానల్ మీట తిప్పి తిప్పి, ఈగల గుంపులోంచి బొమ్మ తేలేదాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. క్యాసెట్ మీద 9999 ఇన్ 1 అని ఉండేది. నిజంగా ఉండేవి పది పన్నెండు ఆటలే. అవే మళ్లీ మళ్లీ, వేరే పేరుతోనో, వేరే స్టేజి నుంచో. తొమ్మిది వేల చిల్లర ఆటల్లో ఎక్కడో కొత్తది ఉండకపోదని ఒక మధ్యాహ్నమంతా పేజీలు తిప్పాం. బొమ్మ రాకపోతే క్యాసెట్ తీసి కింద మూతి పెట్టి ఊదేవాళ్లం. దేశదేశాల పిల్లలందరూ ఊదారట. నిజానికి ఆ ఊపిరి తడికి లోపలి రాగి పళ్లు పాడవుతాయి. తీసి మళ్లీ గట్టిగా పెట్టడమే పని చేసేది. అయినా ఊదిన ప్రతిసారీ మేమే బాగు చేశామనుకునేవాళ్లం.

దాంతో పాటు తుపాకీ ఉండేది. బాతుల ఆట. తుపాకీలోంచి టీవీకి ఏమీ వెళ్లదు, టీవీలోంచే తుపాకీకి వస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క రెప్పపాటు నల్లబడి, బాతు ఉన్నచోట మాత్రం తెల్లటి చదరం మెరుస్తుంది. తుపాకీ మూతిలోని కన్ను ఆ తెలుపును చూస్తే బాతు పడినట్టు. ఆ లెక్క అంతా పిక్చర్ ట్యూబు వెలుగు వేగం మీద కట్టింది. పలక టీవీలు బొమ్మ చూపించడంలో చేసే చిన్న ఆలస్యానికి ఆ తుపాకీ గుడ్డిదైపోయింది. తుపాకీ చెడిపోలేదు, ఆట చెడిపోలేదు, టీవీ మారింది. ఆ కాలం పోయిన తీరు కూడా అలాంటిదే.

ఇంట్లో ఆట కాబట్టి నాకు రెండో రిమోట్ దొరికేది. ఫామికామ్‌లోనూ, దాని నకళ్లలో చాలావాటిలోనూ రెండో రిమోట్‌కి స్టార్ట్ బటన్ ఉండదు. మొదలుపెట్టాలన్నా, మధ్యలో ఆపాలన్నా మొదటి రిమోట్ ఉన్నవాడే చెయ్యాలి. నాకు దాహమేస్తే అన్నయ్య ఆపితేనే లేవాలి. కాంట్రా మూడో స్టేజిలో జలపాతం ఉంటుంది. పైకి ఎక్కుతూ పోవాలి. ఎవరు ముందు పైకి ఎక్కితే తెర వాళ్లతో పాటు పైకి జరుగుతుంది. కింద ఉండిపోయినవాళ్లు చచ్చిపోతారు. శత్రువు కొట్టక్కర్లేదు. తోడుగా ఉన్నవాడు తొందరపడితే చాలు. "ఆగరా అన్నయ్యా, ఆగు!" అని నేను అరవడం, వాడు ఆగలేక ఎక్కెయ్యడం, నేను తెర అంచున మాయమవడం. ఎన్నిసార్లు జరిగిందో. ఒక దసరాకి, వాడే ఓ రోజు, ఏమీ చెప్పకుండా, జలపాతం కింద రాయి మీద ఆగిపోయి నన్ను ముందు ఎక్కనిచ్చాడు. నా కింద వాడు వచ్చాడు. ఆ రోజు ఆ స్టేజి ఇద్దరం దాటాం. మా మధ్య ఆ తర్వాత చాలా జరిగాయి, ఆస్తి పంపకాలు కూడా అయ్యాయి. వాణ్ణి తలచుకుంటే నాకు ముందు కనిపించేది ఆ రాయి మీద ఆగిన నీలం ప్యాంటు బొమ్మే.

బ్రెజిల్ వాళ్లు ఈ ఆటలు చేశారని తెలిశాక మొదట నాకు అమెరికా బాల్యాన్ని అరువు తెచ్చుకున్నారనిపించింది. డేవిడ్ అనే పేరు, ఆ ఇల్లు అన్నీ అలాగే ఉన్నాయి. తర్వాత ఆ దేశపు సంగతులు చదివితే నా మాట తప్పని తెలిసింది. అక్కడా విదేశీ ఎలక్ట్రానిక్స్ మీద అడ్డుకట్టలు, విపరీతమైన సుంకాలు. అక్కడా నింటెండో నకళ్లు స్థానిక కంపెనీలు చేసి అమ్మాయి. సెగా ఆట పెట్టెల్ని టెక్‌టాయ్ అనే అక్కడి కంపెనీ 1989 నుంచి దేశంలోనే తయారుచేసి, మిగతా ప్రపంచం మర్చిపోయాక కూడా దశాబ్దాల పాటు అమ్ముతూనే ఉంది. కొనలేని పిల్లలు లొకాడోరా అనే వీడియో అద్దె షాపుల్లో గంటకింత అని ఇచ్చి ఆడుకునేవాళ్లు. అక్కడా వెనక నిలబడినవాళ్లు ఉండే ఉంటారు. అందుకేనేమో, డబ్బున్న దేశపు స్టూడియోలకు పట్టని సంగతి వీళ్లకు పట్టింది. ఆట అంటే సొంతం చేసుకున్న వస్తువు కాదు, ఎవరిదో గదిలో, ఎవరి అనుమతితోనో, అయిపోబోయే సమయంలో ఆడుకున్నది.

మూడోది పిక్సెల్ రిప్డ్ 1978, 2023లో వచ్చింది. ఇందులో కథ వెనక్కి నడుస్తుంది. మనం బార్బరా రివర్స్, అటారీ కంపెనీలో ఆటలు రాసే ప్రోగ్రామర్. ఈసారి అటారీ వాళ్లే చేయి కలిపారు కాబట్టి అసలు పేర్లు, అసలు పెట్టెలు ఉన్నాయి. టీవీకి కలిపే ఆ కంపెనీ పెట్టె 1977లో వచ్చింది. ఆ మరుసటి ఏడు ఆ ఆఫీసు ఎలా ఉండేదో చూడొచ్చు. అంతేకాదు, మొదటి రెండింట్లో తెరమీద చూసిన లోకంలోకి ఇప్పుడు మనమే డాట్‌గా దిగొచ్చు, చేతిలో తుపాకీతో నడవొచ్చు. మూడింటిలోనూ పెద్ద ఆట ఇదే, బహుశా నేర్పు కూడా దీనిదే. నాకు మాత్రం అంతగా పట్టలేదు. తెరలోకి దిగిన మరుక్షణం ఇవతలి గది పోయింది. నన్ను ఎవరూ చూడడం లేదు. ఎవరికీ దొరికిపోయే భయం లేదు. ఇంకో తుపాకీ ఆట అయింది. అసలు కార్ట్రిడ్జులు, అసలు పోస్టర్లు గోడకు ఉన్నా జ్ఞాపకంలా లేదు, మ్యూజియంలా ఉంది. ఒక ఆడమనిషి ఆటలు రాసే చోట కూర్చోవడం మాత్రం నచ్చింది. ఆ బల్ల దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను.

తెనాలి షాపు ఎప్పుడు మూసేశారో మాకెవరికీ తేదీ గుర్తులేదు. ఇంటర్‌నెట్ సెంటర్లు వచ్చాయి. అన్నయ్య ఇంజనీరింగ్ హాస్టల్లో చేరాడు, అక్కడ కంప్యూటర్లో ముస్తఫా కాయిన్ లేకుండా ఎన్ని లైఫులంటే అన్ని లైఫులతో ఆడొచ్చని వచ్చి చెప్పాడు. ఆ మాట వాడు సంతోషంగానే చెప్పాడు. వారం తిరక్కుండా మానేశాడు కూడా. రూపాయి పోతుందన్న భయం లేని ముస్తఫాలో ముస్తఫా లేడు. ఓ సెలవులకి వెళ్లేసరికి సందులో షట్టర్ పూర్తిగా దించి ఉంది. ఇప్పుడక్కడ జిరాక్స్ షాపు. మెట్టు మాత్రం అదే.

మొన్న సంక్రాంతికి అమ్మ కూడా హైదరాబాద్ వచ్చింది. హెడ్‌సెట్‌లో కనిపించేది టీవీ మీదికి పంపొచ్చు కదా, మేనల్లుడు అలా పెట్టాడు. అమ్మ, అన్నయ్య సోఫాలో కూర్చుని చూస్తున్నారు. నేను డేవిడ్‌ని. ఆ ఇంగ్లీషు అమ్మ కేకలు మొదలుపెట్టగానే మా అమ్మ, "పిల్లవాడు ఆడుకుంటుంటే ఆవిడకేం నొప్పి?" అంది. అన్నయ్య ఏమీ అనలేదు. కాసేపయ్యాక, "గూట్లో చిల్లర నేనే తీసేవాణ్ణమ్మా" అన్నాడు. "తెలుసు. ఎనిమిది రూపాయలు పెట్టేదాన్ని, రెండు పోయేవి. ఎక్కువ పెడితే ఎక్కువ పోతాయని పెట్టేదాన్ని కాదు" అంది అమ్మ. నేను కళ్లకు గంతలతో, వేరే దేశంలో, ఈ మాటలు వింటున్నాను. వాళ్ల మొహాలు చూడాలనిపించింది. తీస్తే ఆట పోతుంది.

ఇక్కడే హెడ్‌సెట్ మీద నా పెద్ద ఫిర్యాదు. ఇది ఒక్కరి కోసం చేసిన వస్తువు. ఆ గదిని అంత ప్రేమగా కట్టి, అందులో మనల్ని ఒంటరిగా కూర్చోబెడుతుంది. వెనక ఊపిరి తగలదు, భుజం మీద గడ్డం ఆనించి చూసేవాడు లేడు. స్టిక్కు లాక్కునే చేయి లేదు. ఆ లోటు పూడ్చింది ఆ రోజు టీవీకి వేసిన ఆ కాస్త కనెక్షనే. అన్నయ్య మొదట మౌనంగా చూశాడు. పావుగంటకి ముందుకు జరిగాడు. సోఫా స్ప్రింగు చప్పుడు వినపడింది. "గెంతు. ఇప్పుడు గెంతు. అబ్బా, ఆలస్యం చేశావ్." కాసేపటికి లేచి నా వెనకే నిలబడ్డాడు. నడుము దగ్గర ఊతగా పట్టుకుని, నేను బీరువాకి తగలకుండా అటూ ఇటూ తిప్పుతున్నాడు.

ఆట ఆర్కేడ్‌లోకి వచ్చింది. వరసగా డబ్బాలు, రంగు దీపాలు, ఆడుకుంటున్న పిల్లలు. నా ఎదుటి డబ్బాలో డాట్ కొట్లాటలో ఉంది. నేను స్టిక్కు వదిలేసి వెనక్కి తిరిగాను. ఆ హాలు ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. దీపాలు పెట్టే వేళ, ఎవరినో పిలవడానికి వచ్చి, పిలవకుండా చూస్తూ నిలబడ్డ ఆడపిల్ల ఎవరైనా ఉందేమోనని.

"ఎటు చూస్తున్నావే?" వెనక నుంచి అన్నయ్య అరుస్తున్నాడు. "ముందుకు చూడు, ఆఖరి లైఫ్ అది!"